వారానికో పీరియడా, పాఠాల్లో కలిపెయ్యడమా, ఒకరోజు వర్క్‌షాపా: ప్రైమరీ పిల్లలకు ఏది మేలు?

ప్రతి ఏడాదీ టైమ్‌టేబుల్ వేసే రోజు స్టాఫ్‌రూమ్‌లో ఇదే గొడవ. స్నేహాలు, కోపతాపాలు, శుభ్రత, ఒంట్లో వచ్చే మార్పులు, ఎవరైనా తాకకూడని చోట తాకితే ఏం చేయాలి, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరిస్తే ఏం చేయాలి, ఇవన్నీ ప్రైమరీ పిల్లలకు చెప్పాలన్న విషయంలో మా మధ్య పేచీ లేదు. పేచీ అంతా ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్న దగ్గరే. వారానికో పీరియడ్ విడిగా పెట్టాలని ఒకరు, అబ్బే, ఉన్న పాఠాల్లోనే కలిపేద్దామని ఇంకొకరు, మనకెందుకండీ ఈ టెన్షన్, బయటి నుంచి తెలిసినవాళ్ళను పిలిచి ఒకరోజు వర్క్‌షాప్ పెట్టించేద్దామని మరొకరు. మూడు రకాలుగానూ చేసి చూశాను కాబట్టి నాకనిపించింది రాస్తున్నా.

ముందు వర్క్‌షాప్ సంగతి, ఎందుకంటే అందరికీ సులువైంది అదే. దానికి మంచి లేకపోలేదు. వచ్చేవాళ్ళకు మొహమాటం ఉండదు, బొమ్మలూ వీడియోలూ సిద్ధంగా ఉంటాయి, కొత్త మనిషి కాబట్టి పిల్లలు కళ్ళు ఆర్పకుండా వింటారు. ఒకసారి ఒకావిడ వచ్చి గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి గంటసేపు నిజంగానే చాలా బాగా చెప్పారు. పిల్లలందరూ గొంతెత్తి "నో" అని అరిచారు, గ్రూప్ ఫొటో దిగారు, అయిపోయింది. అది సోమవారం. గురువారం లంచ్ బెల్ కొట్టాక మూడో తరగతి పాప ఒకతి నా టేబుల్ దగ్గర నిలబడి, వాటర్ బాటిల్ మూత తిప్పుతూ, మిగతావాళ్ళంతా బయటికెళ్ళేదాకా ఆగి, "టీచర్, చక్కిలిగింతలు పెడితే నవ్వొస్తుంది కదా, అప్పుడది గుడ్ టచ్చేనా?" అని అడిగింది. నవ్వొచ్చినా సరే, నువ్వు ఆపమన్నాక ఆపకపోతే అది తప్పేనని చెప్పాను. ఎవరు, ఎక్కడ అని గుచ్చి గుచ్చి అడగలేదు, తనే చెప్పేదాకా ఆగాను. స్కూల్లో పిల్లల భద్రత చూసే మేడమ్‌కు మాత్రం ఆ రోజే చెప్పాను.

నన్ను అడిగితే ఈ మొత్తం చర్చంతా ఆ గురువారంలోనే ఉంది. ప్రశ్న పాఠం జరిగేటప్పుడు రాదు, మూడు రోజులు నాని అప్పుడు వస్తుంది, అప్పటికి వర్క్‌షాప్ ఆవిడ వేరే స్కూల్లో ఉంటారు. పైగా ఆ పాప అడిగింది చిన్న సందేహం కాదు. తాకితే నొప్పి పుట్టకపోవచ్చు, బాగానే ఉన్నట్టు కూడా అనిపించవచ్చు, తాకేది బాగా తెలిసినవాళ్ళే కావచ్చు. అందుకే ఇప్పుడు చాలామంది గుడ్, బ్యాడ్ అనడం మానేసి సేఫ్, అన్‌సేఫ్ అంటున్నారు. ఈ తేడా గంటలో ఎక్కదు. బయటివాళ్ళు ఒకరోజు కాదు, వరసగా వారాల పాటు వచ్చినా ఫలితం గ్యారంటీ లేదు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే క్లాసులకొచ్చి మాదకద్రవ్యాల గురించి చెప్పేవారు. అది దేశమంతా పాకింది, అందరికీ నచ్చింది, తీరా పరిశోధకులు లెక్కలు తీస్తే పిల్లల అలవాట్లలో పెద్దగా తేడా కనిపించలేదు.

ఇక పాఠాల్లో కలిపెయ్యడం. కాగితం మీద చూస్తే దీన్ని మించింది లేదు. కథ చెప్తూ ఆ కుందేలుకు కోపం ఎందుకొచ్చిందని అడగొచ్చు, సైన్స్‌లో శరీర భాగాలను ముద్దుపేర్లతో కాకుండా అసలు పేర్లతో చెప్పొచ్చు, ఆటల పీరియడ్‌లో ఓడిపోయినవాడు మూతి ముడుచుకుంటే అక్కడికక్కడే ఒక పాఠం. ఫిన్లాండ్‌లో మొదటి ఆరు తరగతులకూ ఆరోగ్యం విడి సబ్జెక్టు కాదు, పర్యావరణ పాఠాల్లోనే ఉంటుంది, ఏడో తరగతి నుంచి విడిపోతుంది. అక్కడ సాగుతోంది కదా అంటారు మావాళ్ళు. సాగుతుంది, అది సిలబస్‌లో రాసిపెట్టి ఉంది, క్లాస్ టీచర్లు మాస్టర్స్ డిగ్రీ చదివినవాళ్ళు. మేం మాత్రం నోటిమాటగా అనుకుని మొదలుపెట్టి, ఏడాది చివర కూర్చుని ఎవరేం చెప్పామో చూసుకుంటే, స్నేహం గురించి నలుగురం చెప్పాం, చేతులు కడుక్కోవడం గురించి అందరం చెప్పాం, ఒంట్లో మార్పుల గురించి ఒక్కరమూ చెప్పలేదు! ఎవరికి వాళ్ళం పక్కవాళ్ళు చెప్పే ఉంటారులే అనుకున్నాం. ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ళకే, మగపిల్లల్లో తొమ్మిదేళ్ళకే ఆ మార్పులు మొదలవచ్చు, అంటే ప్రైమరీ దాటేదాకా ఆగితే కొందరికి అప్పటికే ఆలస్యం.

మిగిలింది వారానికో పీరియడ్. ఐర్లండ్‌లో 1999 సిలబస్ దీనికి వారానికి అరగంట కేటాయించింది. జపాన్‌లో నైతిక విద్యకు ఏడాదికి 35 పీరియడ్లు, ఒకటో తరగతికి 34. దాన్ని 2018లో ప్రత్యేక సబ్జెక్టుగా చేసినా మార్కులు మాత్రం పెట్టలేదు, టీచర్ నాలుగు మాటలు రాస్తారంతే. అది నాకు బాగా నచ్చింది. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ నుంచి స్నేహాలు, కుటుంబాలు, మర్యాదల గురించిన పాఠం ప్రైమరీలో తప్పనిసరి, అందులోంచి పిల్లల్ని తప్పించే వీలు తల్లిదండ్రులకు లేదు. సెక్స్ ఎడ్యుకేషన్ తప్పనిసరి కాదు, చెప్పినా సైన్స్ సిలబస్‌లో ఉన్నది తప్ప మిగతాది వద్దనుకుంటే మాన్పించవచ్చు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే తల్లిదండ్రుల మీటింగుల్లో సగం గొడవలు.

విడి పీరియడ్‌కు లోపాలు లేవా అంటే, బోలెడు. పరీక్షలు దగ్గర పడితే మొదట లెక్కల టీచర్ చేతిలో పడేది ఇదే. చెప్పేవాళ్ళకు బెరుకుంటే నోట్స్ డిక్టేషన్‌గా మారిపోతుంది, అంతకంటే చెప్పకపోవడమే నయం. నాకు గట్టెక్కే దారి చూపించింది ఒక అట్టపెట్టె. పీరియడ్ చివర్లో అందరూ ఒక చీటీ రాసి అందులో వెయ్యాలి, ప్రశ్న లేకపోతే "ఏమీ లేదు" అని రాసి వెయ్యాలి. అందరూ రాస్తారు కాబట్టి అడిగిందెవరో పక్కవాడికి తెలీదు. మొదటి రెండు వారాలూ అన్నీ ఏమీ లేదులే. తర్వాత మొదలయ్యాయి ప్రశ్నలు, మంచంలో తడిపేసుకోవడం గురించి, అమ్మానాన్నలు పోట్లాడుకోవడం గురించి. జవాబు వచ్చే వారం చెప్తాను, సొంత అనుభవాలు ఎవరినీ అడగను, ఏదైనా బొమ్మకు పేరు పెట్టి దాని కథగా నడిపిస్తాను. ఎవరికీ చెప్పనని మాత్రం పిల్లలకు మాటివ్వను, చెప్పాల్సి రావచ్చు.

కాబట్టి నా ఓటు వారానికో పీరియడ్‌కే, అదీ క్లాస్ టీచర్ చెప్పేట్టయితేనే. ఒకే టీచర్ అన్ని సబ్జెక్టులూ చెప్పే చిన్న స్కూలైతే పాఠాల్లో కలిపినా నడుస్తుంది, ఏ వారం ఏం చెప్పారో ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉంటే. ఫలానా అంశం చెప్పడం నా వల్ల కాదనుకునే టీచర్ పక్క సెక్షన్ టీచర్‌తో ఆ ఒక్క పీరియడ్ మార్చుకోవచ్చు. బయటివాళ్ళను పిలవద్దనను, కానీ అప్పటికే సగం నడిచిన పాఠంలోకి పిలవాలి, క్లాస్ టీచర్ వెనక బెంచీలో కూర్చుని వినాలి.

ఈసారి మాకు మొదట వారంలో ఆఖరి రోజు ఆఖరి పీరియడ్ ఇచ్చారు. ఎవరైనా పిల్ల నోరు తెరిచి ఏదైనా చెప్తే, బెల్ కొట్టగానే ఇంటికెళ్ళిపోయి రెండు రోజుల దాకా కనిపించదు. పట్టుబట్టి బుధవారం రెండో పీరియడ్ తీసుకున్నా.