మిండెన్‌కా, గ్రాండ్ ఐలాండ్‌కా?

అమెరికాలోని నెబ్రాస్కాలో తొలి వలస రైతుల బతుకు చూడాలంటే రెండు మంచి మ్యూజియంలు ఉన్నాయి. చిన్న ఊరు మిండెన్‌లోని పయనీర్ విలేజ్‌ను 1953లో తెరిచారు. దాన్ని నెలకొల్పిన హెరాల్డ్ వార్ప్ ఆ ఊరి దగ్గరే, గడ్డిమట్టి పెళ్లలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. తర్వాత షికాగోలో ప్లాస్టిక్ వ్యాపారంలో బాగా సంపాదించాడు. పయనీర్ విలేజ్‌లో దీపాలు, పొయ్యిలు, ట్రాక్టర్లు పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా ఉంటాయి.

రెండోది, గ్రాండ్ ఐలాండ్ నగరంలోని స్టూర్ మ్యూజియం. అందులో 1890ల నాటి రైల్వే ఊరినే నిలబెట్టారు. నటుడు హెన్రీ ఫోండా పుట్టిన ఇల్లూ అక్కడే ఉంది.

పిల్లలతో వెళ్తే స్టూరే మేలు, వీధుల్లో తిరగొచ్చు. నాకైతే మిండెనే ఇష్టం. ఆనాటి ఆడవాళ్ల చాకిరీ ఎంతో, బట్టలుతికే పాత యంత్రాల వరస చూస్తేనే తెలుస్తుంది.