ఆరేళ్ళుగా వాడుతున్న లెవలింగ్ బ్లేడు: మా మిట్టపల్లాల మడి, నా అనుభవం

మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం. అందులో 32 గుంటల మడి ఒకటి మమ్మల్ని ఏళ్ళ తరబడి ఏడిపించింది. తూము దగ్గర నాటు మునిగిపోయేది, అవతలి మూలన అదే రోజు నేల నెర్రెలు విచ్చేది. మునిగిన చోట పిలకలు రావు, ఎండిన చోట గడ్డి ఆగదు. కాలువ నీళ్ళు వంతుల మీద వచ్చే చోట ఇది చిన్న బాధ కాదు. అందుకే 2019 వేసవిలో మా 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు 6 అడుగుల లెవలింగ్ బ్లేడు, అంటే మట్టిని కోసి లాగి నేల చదును చేసే ఇనుప పలక, కొన్నాను, వెనక మూడు లింకులకు తగిలించే రకం.

ముందే చెప్తున్నా, వస్తువు మంచిది, మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. కానీ చేయి కుదరాలి. నాకు రెండు వేసవులు పట్టింది.

మొదటి రోజు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి దిగి చూస్తే మడి రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా ఉంది. ముందున్న దానికంటే పాడైంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మర్నాడు మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ నడిపిన మామ ఒకాయన గట్టు మీద నిలబడి కాసేపు చూసి, "ఎనకకు చూసుడు బంద్ చెయ్ అల్లుడా, ముందు టైరు చూడు" అన్నాడు.

విషయమంతా అక్కడే ఉంది. ముందు టైరు మిట్ట ఎక్కితే ట్రాక్టర్ ముక్కు లేస్తుంది, వెనకనున్న బ్లేడు కిందికి దిగి ఎక్కువ కోస్తుంది. తర్వాత వెనక టైర్లు అదే మిట్ట ఎక్కినప్పుడు బ్లేడు గాల్లోకి లేస్తుంది. అంటే ట్రాక్టర్ ఎలా ఊగితే నేల మీద అలాంటి గీతే పడుతుంది. నేనేమో వెనక్కి తిరిగి, బ్లేడు దిగబడ్డాక లివర్ లేపుతున్నాను, అది లేచాక దించుతున్నాను. ప్రతిసారీ ఆలస్యమే. ముందు టైరు లేవడం మొదలవగానే లివర్ వేలెడంత పైకి, వెనక టైరు ఎక్కుతుంటే మళ్ళీ కిందికి. ఇది చేతికి అలవాటయ్యాక సగం అలలు పోయాయి.

మిగతా సగం రెండో లివర్ వల్ల వచ్చినవి. పనిముట్టును లేపి దించే హైడ్రాలిక్‌కు పొజిషన్, డ్రాఫ్ట్ అని రెండు లివర్లు ఉంటాయి కదా. పొజిషన్ పనిముట్టును మనం పెట్టిన ఎత్తులోనే ఉంచుతుంది. దున్నేటప్పటి అలవాటు కొద్దీ నేను డ్రాఫ్ట్ పెట్టి ఉంచాను. గట్టి నేల తగిలి లాగుడు బరువైతే డ్రాఫ్ట్ తనంతట తానే పనిముట్టును లేపుతుంది. మా మడిలో మిట్టలే గట్టిగా ఉండేవి. కోయాల్సిన చోటే బ్లేడు తప్పుకుపోయేది. బ్లేడు పనికి పొజిషన్ లివర్ ఒక్కటే వాడాలి.

పని మొదలుపెట్టే ముందు ఇప్పుడు నేను తప్పకుండా చేసేది ఒకటుంది. కల్లం గచ్చు మీదకి బండి తీసుకెళ్ళి బ్లేడు దించి చూస్తాను. ఒక చివర గచ్చుకు ఆని, రెండో చివర కింద వేలు దూరితే కుడి లిఫ్ట్ రాడ్ (కుడి కింది లింకును పైకి లాగే కడ్డీ) హ్యాండిల్ తిప్పి సరిచేస్తాను. రెండు వెనక టైర్లలో గాలి సమానంగా లేకపోయినా ఇదే తేడా వస్తుంది. కింది లింకులను పక్కలకు కదలకుండా పట్టే చెక్ చైన్లు వదులుగా ఉంటే బ్లేడు పక్కలకు ఊగుతుంది. బ్లేడు వాలు మార్చే పై లింకు, టాప్ లింక్, మాత్రం నేలను బట్టి రెండు చుట్లు తిప్పి, పది గజాలు నడిపి చూసుకోవాల్సిందే.

కంటితో చూసి ఎత్తు చెప్పడం నమ్మొద్దు. మేస్త్రులు పునాదికి వాడే లెవల్ ట్యూబు, రెండు కర్రలు చాలు. ట్యూబులో గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి, 30 అడుగులకో మేకు కొట్టి కొలిచాం. మిట్టలకు సున్నం గీశాం. తూము వైపుకీ అవతలి అంచుకీ 4 అంగుళాల తేడా వచ్చింది. 4 అంగుళాలేగా అనిపిస్తుంది. కానీ వాలు ఒకే తీరుగా ఉందనుకున్నా, 32 గుంటల్లో పై సగం నుంచి కింది సగానికి సుమారు పద్నాలుగున్నర యూనిట్ల మట్టి నడవాలి, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఒకే దెబ్బకు లాగాలని చూస్తే టైర్లు ఉన్నచోటే తిరిగి దుమ్ము లేపడమే మిగులుతుంది. ముందు కల్టివేటర్‌తో మట్టి వదులు చేసి, పలచగా కోస్తూ, ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం, చివరికి మూల నుంచి మూలకు కొట్టాలి.

పదును, అంటే నేలలో సరిపడా తడి, చాలా ముఖ్యం. తడి ఎక్కువైతే మట్టి బ్లేడుకు అంటుకుంటుంది, మరీ ఎండితే పెళ్ళలు లేచి బ్లేడు వాటి మీద గంతులేస్తుంది. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి, కింద వేస్తే పగిలేలా ఉండాలి. మా నేలకైతే మంచి వాన పడిన మూడో రోజో నాలుగో రోజో ఆ పదును వస్తుంది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది పై మట్టి విషయం. మొదటి ఏడు మిట్ట మీది నల్లటి పై మట్టినంతా పల్లంలోకి తోసేశాను. 2020 వానాకాలంలో కోసిన చోట వరి ఎదగలేదు, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. జింక్ లోపం. ఎకరాకు 20 కిలోల లెక్కన జింక్ సల్ఫేట్ చివరి దమ్ములో వేశాను, డీఏపీతో కలపకుండా కొన్ని రోజులు ఎడం ఇచ్చి. వరసగా రెండేళ్ళు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నాను. మూడో ఏటికి గానీ ఆ చోటు తేరుకోలేదు. ఇప్పుడు ఎక్కడ కోసినా ముందు పై మట్టిని గట్టు పక్కకు జరిపి, అడుగు చదును చేసి, మళ్ళీ పైన పరుస్తాను. డీజిల్ ఎక్కువవుతుంది. అవనీ. ఆ మట్టి మా నాన్న పెంట తోలి తోలి చేసింది. ఇంకోటి, పల్లంలో పోసిన మట్టి నీళ్ళు తగిలాక కుంగుతుంది, రెండో వేసవి మళ్ళీ ఒక చుట్టు తప్పదు.

బ్లేడు విషయానికొస్తే, కింద బోల్టులతో బిగించే అంచు అరిగితే తిరగేసి బిగించుకోవచ్చు, నేను నాలుగో ఏట తిరగేశాను. తిప్పే పిన్ దగ్గర వారానికోసారి గ్రీజు పెట్టకపోతే రంధ్రం అరిగి బ్లేడు లొటలొటలాడుతుంది. బ్లేడును వెనక్కి తిప్పి రివర్సులో గట్టు మూలలకు మట్టి నెట్టడం బాగా పనికొస్తుంది గానీ మెల్లగా చేయాలి. 2022లో మట్టిలో దాగిన బండకు తగిలి నా లోయర్ లింక్ (కింది లింకు) వంగింది.

లేజర్ లెవలర్ దీనికంటే ఎంతో మేలైనది, అందులో అనుమానం లేదు. పొలం దగ్గర స్టాండు మీద పెట్టిన లేజర్ చెప్పినట్టు మట్టి లాగే బకెట్టు తానే లేచి దిగుతుంది. రెండు మూడు ఎకరాలు ఒకే చెక్క ఉన్నవాళ్ళు అద్దెకు అదే పిలిపించుకోండి. మాలాగా పది, ఇరవై గుంటల మడులు, మధ్యలో గట్లు ఉంటే అది తిరగడానికే చోటు చాలదు. అక్కడ ఈ బ్లేడే.

పోయిన యాసంగి ఆ 32 గుంటల మడిలో నీళ్ళు పెట్టి గట్టు మీద నిలబడ్డాను. అవతలి మూలన ఇంతకుముందు నెర్రెలు విచ్చే చోట కొంగ ఒకటి నీళ్ళలో నిలబడి ఉంది, దాని కాళ్ళకు నీళ్ళు తూము దగ్గర ఎంత లోతో అంతే. ఇంక కాలువ పక్క పద్దెనిమిది గుంటలు మిగిలింది. మేకులు కొట్టి పెట్టాను, వాన పడాలి.