సాగర్‌కు ఎప్పుడు రావడం మేలు: గేట్లు ఎత్తినప్పుడా, సంక్రాంతి వెళ్లాకా?

ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో ఫోనుకు తీరిక ఉండదు. క్షేమసమాచారాలు ఏమీ అడగరు. “అన్నయ్యా, గేట్లు ఎత్తారా?” హైదరాబాదులో ఉండే మా బాబాయి కొడుకు మొదటి మాట ఇదే. “ఎత్తారు గానీ, ఇప్పుడు రాకురా” అంటాను. చుట్టాలకు వండిపెట్టలేక అలా అంటున్నానని వాడి అనుమానం. అందులో కొంత నిజం లేకపోలేదు.

మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక, ఆనకట్ట కట్టేవాళ్ల కోసం గీతలు గీసి వేసిన ఊళ్లు ఇక్కడివి. శంకుస్థాపన గుర్తుగా నిలిపిన స్తంభం పేరుతో కింద పైలాన్ కాలనీ, గుట్ట మీద మా హిల్ కాలనీ, కృష్ణ అవతలి ఒడ్డున విజయపురి సౌత్. ఒకే అచ్చులో పోసినట్టుండే క్వార్టర్లు, నాకంటే వయసులో పెద్దవైన వేపచెట్లు, తలుపు తీసి ఉంటే వంటింటి దాకా వచ్చే కోతులు. పని కోసం పుట్టిన ఊరు కదా, ఆ పని అయిపోయాక మాకు మిగిలినవి కాలాలే.

వరద కాలం గొప్పదే, కాదనను. పైన శ్రీశైలం ఆనకట్ట నుంచి వదిలితే గానీ మాకు వరద రాదు. నీటిమట్టం నిండు మట్టమైన 590 అడుగులకు చేరువవుతుంటే బడిపిల్లలు కూడా అంకెలు చెప్పుకుంటారు. మొత్తం 26 గేట్లు. దిగువన ఉన్న వంతెన మీద నిలబడితే కళ్లజోడు మీద తుంపర పేరుకుంటుంది, తుడుచుకున్న కొద్దీ మళ్లీ పేరుకుంటుంది. పక్కన ఉన్న మనిషి మాట వినపడదు. రాత్రి గాలి ఇటు తిరిగితే ఆ హోరు మా మంచం దాకా వస్తుంది.

అయితే ఆ పూట చూసేది నీళ్లను కాదు, నీళ్లను ఫోటో తీస్తున్న జనాన్ని. ఆదివారమైతే వంతెనకు చాలా ముందే కార్లు ఆగిపోతాయి. పెనం మీద చేపలు వేయించే బండి దగ్గర ఒక్క ముక్క కోసం అరగంట నిలబడాలి, ధర మాట అడగకండి. అంత చేసి వచ్చాక గేట్లు దించేసి ఉండవచ్చు, పైనుంచి వచ్చే వరదను బట్టి ఎత్తడం, దించడం గంటల్లో మారిపోతుంది. 2023లోనైతే వానలే మొహం చాటేశాయి, గేట్ల ముచ్చటే లేదు.

జనవరి సంగతి వేరు. సంక్రాంతికి వచ్చిన కొడుకులూ కోడళ్లూ తిరుగు ప్రయాణమయ్యాక కాలనీ మళ్లీ మాది అవుతుంది. పొద్దున జలాశయం మీద మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, ఎదురుగా ఉన్న గుట్టలు ఒక్కొక్కటే గాలిలో తేలుతున్నట్టు బయటపడతాయి. నాగార్జునకొండకు లాంచీ మీద వెళ్లవలసింది అప్పుడే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం ఆ నీళ్ల కింద ఉంది, మనం దిగేది మునగకుండా మిగిలిన కొండ నెత్తిన. తవ్వకాల్లో దొరికిన కట్టడాలను అక్కడికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి మళ్లీ పేర్చారు. ఎండ లేదు కనుక వాటి మధ్య తీరిగ్గా తిరగవచ్చు. కాలనీ మొదట్లో ఉన్న బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు కూడా కాలినడకన తిరిగే చోటు, ఆగస్టు ఉక్కలో అది పిల్లలకు శిక్ష.

ఏప్రిల్ గురించి రెండే మాటలు. నీళ్లు అడుక్కుపోయి, గుట్టల చుట్టూ పాత నీటిమట్టాల చారలు బయటపడతాయి. రాతి ఆనకట్ట ఎంత పెద్దదో అర్థమయ్యేది అప్పుడే. నాకు ఇష్టమే, కానీ ఆ ఎండలో చుట్టాలను రమ్మనడానికి మనసొప్పదు.

కాబట్టి నా లెక్క ఇది. జన్మలో ఒక్కసారైనా గేట్లు చూడాలనుకుంటే వరద కాలంలో రండి, కానీ పనిదినం ఎంచుకోండి, తెల్లవారేసరికి వంతెన మీద ఉండండి. సాగర్‌ను చూడాలంటే మాత్రం జనవరి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇక రెండో ఆలోచనే వద్దు.

మా తమ్ముడు కిందటి ఏడు ఎట్టకేలకు నా మాట విన్నాడు. పండగ వెళ్లిన వారం, భార్యాపిల్లలతో దిగాడు. దిగింది శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. ఆ సంగతి ముందే చెప్పడం నేనే మరిచిపోయాను. చేపలు తిని, వంతెన మీద నిలబడి, మూసి ఉన్న గేట్లన్నీ లెక్కపెట్టుకుని వెళ్లాడు. మళ్లీ ఆగస్టులో ఫోను చేశాడు. “అన్నయ్యా, గేట్లు ఎత్తారా?”