వెక్టర్ కాల్‌క్యులస్ వీడియోలు: ఎవరి దగ్గర ఏది నేర్చుకోవాలి

వెక్టర్ కాల్‌క్యులస్ (దిశ కూడా ఉన్న రాశులతో చేసే కాల్‌క్యులస్) ఆసక్తిగా చెప్పే మాస్టార్లకు ఆన్‌లైన్‌లో కొదవ లేదు. అయితే ఒక్కరినే పట్టుకుని కూర్చుంటే ఎక్కడో ఒకచోట బండి ఆగుతుంది. చాలాకాలం వాడి చూశాక నా అభిప్రాయం ఇది: బొమ్మ ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలి. ప్లస్సు, మైనస్సుల సంగతి మాత్రం వీడియో చూస్తే రాదు, పెన్ను పట్టాల్సిందే.

బొమ్మకు గ్రాంట్ శాండర్సన్. ఖాన్ అకాడమీలో మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ వీడియోలు చేసింది ఆయనే. ఆయన సొంత యూట్యూబ్ ఛానల్ త్రీబ్లూవన్‌బ్రౌన్‌లో డైవర్జెన్స్ (ఒక బిందువు నుంచి ప్రవాహం ఎంత బయటికి పోతుందో), కర్ల్ (ఆ బిందువు దగ్గర ఎంత తిప్పుతుందో) మీద విడిగా ఒక వీడియో ఉంది. గ్రేడియెంట్ (విలువ అన్నిటికంటే వేగంగా పెరిగే దిశ) కాంటూర్ గీతలకు (ఒకే విలువ ఉన్న బిందువులను కలిపేవి) ఎందుకు లంబంగా ఉంటుందో ఆయన చూపిస్తే మళ్లీ మర్చిపోం. చిక్కల్లా చూసినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండటం. కర్ల్ అంటే సుడి అన్న ముద్ర మనసులో పడిపోతుంది, అక్కడే తేడా కొడుతుంది.

రెండు ఫీల్డులు (ప్రతి బిందువు దగ్గరా ఒక బాణం) గీసి చూడండి. మొదటిది (వై, 0). బాణాలన్నీ అడ్డంగా, తిన్నగా ఉంటాయి, సుడి ఎక్కడా కనబడదు. అయినా కర్ల్ −1. పైకి వెళ్లేకొద్దీ ప్రవాహం కుడివైపు పెరుగుతుంది కాబట్టి అందులో పెట్టిన చిన్న చక్రం గడియారం దిశలో తిరుగుతుంది. రెండోది (−వై, ఎక్స్)ని (ఎక్స్² + వై²)తో భాగించినది. చూస్తే పెద్ద సుడి. కర్ల్ మాత్రం మూలబిందువు తప్ప అంతటా సున్నా. మరి యూనిట్ వృత్తం చుట్టూ లైన్ ఇంటిగ్రల్ (దారి వెంట ఫీల్డును కూడటం) వేస్తే సున్నా కాదు, 2π వస్తుంది. చుట్టూ వేసిన ఈ ఇంటిగ్రల్ లోపలి కర్ల్ మొత్తానికి సమానమని చెప్పే గ్రీన్ సిద్ధాంతం తప్పలేదు. మూలబిందువు దగ్గర ఫీల్డుకే విలువ లేదు, అది వృత్తం లోపలే ఉంది, అందుకని సిద్ధాంతం అక్కడ వర్తించదు.

ఈ మెలిక శ్రద్ధగా విప్పేది డెనిస్ ఓరూ. ఎంఐటీ వాళ్ల ఉచిత పాఠాల సైటు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో 2007 నాటి 18.02 (మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్) కోర్సు, మొత్తం 35 పాఠాలు. వెక్టర్ ఫీల్డులు 19వ పాఠం నుంచి మొదలవుతాయి. బేసిక్స్ వచ్చినవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లొచ్చు, కానీ డబుల్ ఇంటిగ్రల్స్‌లో హద్దులు మార్చడం రాకపోతే వెనక్కి రావాల్సిందే. సుద్దముక్క, నల్లబల్ల తప్ప హంగులేమీ లేవు. వేగం ఎక్కువే. అసలు విలువ మాత్రం జవాబులతో సహా ఉచితంగా దొరికే ప్రాబ్లమ్ సెట్లది. అవి చేయకుండా పాఠాలు మాత్రమే చూస్తే సగం కోర్సు వదిలేసినట్టే.

సర్ఫేస్ ఇంటిగ్రల్స్ (ఉపరితలం మీద వేసే ఇంటిగ్రల్స్) దగ్గర చాలామంది జారేది ఒకేచోట. జెడ్ ఎత్తు ఎఫ్ అనే ఫంక్షన్ అయితే, పైకి చూసే నార్మల్‌ని (ఉపరితలానికి లంబంగా ఉండే వెక్టర్) వైశాల్యపు ముక్కతో కలిపి (−ఎఫ్ఎక్స్, −ఎఫ్‌వై, 1) డీఎక్స్ డీవై అని రాస్తాం (ఎఫ్ఎక్స్, ఎఫ్‌వై అంటే పాక్షిక అవకలనాలు). దీన్ని యూనిట్ వెక్టర్‌గా మార్చి, వైశాల్యం వైపు అదే పొడవుతో గుణించడం మరిస్తే జవాబు గల్లంతు. మార్చకండి, అలాగే వాడండి.

మూసిన ఆకారం నుంచి బయటికి వచ్చే ఫ్లక్స్ (ఉపరితలాన్ని దాటే ప్రవాహం) లోపలి డైవర్జెన్స్ మొత్తానికి సమానమని డైవర్జెన్స్ సిద్ధాంతం చెబుతుంది. అందులో మూత మర్చిపోవడం ఇంకో రకం. (ఎక్స్, వై, జెడ్ + 1) అనే ఫీల్డుకు యూనిట్ అర్ధగోళం వంపు భాగం మీదుగా పైకి ఫ్లక్స్ కావాలి. డైవర్జెన్స్ 3, ఘనపరిమాణం 2π/3, కాబట్టి 2π అని రాసేస్తారు. అది మూసిన ఆకారం మొత్తానిది. అడుగున ఉన్న పళ్లెం మీద బయటి నార్మల్ కిందికి ఉంటుంది, అక్కడ ఫ్లక్స్ −π. దాన్ని తీసేస్తే వంపు భాగానికి 3π. ఏ వీడియో చూసినా ఇలాంటిది ఒకటి చేతితో చేసి, నేరుగా ఇంటిగ్రేట్ చేసి సరిచూసుకోవాలి.

యూట్యూబ్‌లో గణితం చెప్పే ట్రెఫర్ బాజెట్ వెక్టర్ కాల్‌క్యులస్ వీడియోలు పొట్టిగా, వరసగా ఉంటాయి, పరీక్ష ముందు పునశ్చరణకు బాగా పనికొస్తాయి. ఆల్జీబ్రా బలహీనంగా ఉంటే యూట్యూబ్‌లోనే ప్రొఫెసర్ లెనార్డ్. ప్రతి మెట్టూ రాసి చూపిస్తాడు, బాగా ఓపిక కావాలి.

మాస్టారు మారినప్పుడు గోళాకార నిరూపకాల (బిందువును దూరం, రెండు కోణాలతో చెప్పే పద్ధతి) అక్షరాలు ముందుగా చూసుకోండి. గణితంవాళ్లు ఎక్కువగా జెడ్ అక్షం నుంచి కొలిచే కోణానికి ఫై అంటారు, ఫిజిక్స్‌వాళ్లు దానికే థీటా అంటారు. ఒకరి సూత్రం ఇంకొకరి పటానికి పెడితే సైన్ తప్పు కోణానికి అంటుకుంటుంది.