ఎగ్ రైస్ బండి, టిఫిన్ సెంటర్, బర్గర్ షాపు, ఇంటి భోజనం: రాత్రి పూట ఏది మేలు?

పోయిన నెల తిరుచానూరులో మా బంధువుల గృహప్రవేశం. భోజనాల బంతిలో మా అన్న కూతురు నా పక్కనే కూర్చుంది. ఇంటర్ రెండో సంవత్సరం, కాస్త ఒళ్ళు చేసిన పిల్ల. నాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ దాని ఆకులో రెండు ఓళిగలు వేసి, పైన గరిటెడు నెయ్యి పోస్తూ, బంతి మొత్తం వినేలా అంది: "ఆ బండ్ల మీద నూడుల్సూ మంచూరియాలూ తింటే ఒళ్ళు ఇట్ట కాక ఇంకెట్ట అవుతుంది? ఇట్టాంటివి తినమ్మా, బలం." పిల్ల తల దించేసుకుంది. తుంచిన ఓళిగ ముక్క నెయ్యిలో అట్టే నానుతూ ఉండిపోయింది. ఆ తర్వాత ఏది వడ్డించబోయినా వద్దంది.

పెద్దమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. చెడ్డగా అనాలని అనలేదు. కానీ ఆమె వేసిన ఓళిగ పైపొర మైదా, లోపల బెల్లం, మీద నెయ్యి. నూడుల్స్‌ కూడా మైదాయే. ఒకటి బలమూ ఇంకొకటి చెత్తా ఎట్లా అయ్యాయి? ఆ రాత్రి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే నేను నిజంగా తినే నాలుగు రకాల తిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాను.

నేను తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతాం. మధ్యాహ్నం రెండింటికి తిన్న బాక్సు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. మాతో పనిచేసే సేల్స్ పిల్లలు పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు. వాళ్ళలో కొందరు రేణిగుంట, చంద్రగిరి బస్సులెక్కి ఇల్లు చేరేసరికి పదిన్నర దాటుతుంది. ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు అన్నం, పప్పు, కూర పెడతారు. మంచి తిండి. కానీ రాత్రి 9 గంటలకే మూసేస్తారు. అప్పటికి మా కౌంటర్ దగ్గర ఇంకా బిల్లులు కొడుతూనే ఉంటాం. కాబట్టి మాకు మిగిలేది రోడ్డు మలుపులో ఉన్న ఫాస్ట్‌ఫుడ్ బండి.

ముందు ఆ బండి సంగతే చెప్తాను. ఎక్కువ తిట్లు తినేది అదే.

నేను అడిగేది ఎగ్ రైస్. గ్యాస్ మంట బుస్సుమంటూ ఉంటుంది. మూతకు చిల్లు పెట్టిన సీసాలోంచి బండి అన్న నూనెను గుండ్రంగా తిప్పుతూ పోస్తాడు. రెండు గుడ్లు కొట్టి గరిటెతో చిదుపుతాడు. పిడికెడు క్యాబేజీ, కాస్త క్యారెట్, ముందే వార్చి ఆరబెట్టిన అన్నం. ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు టేస్టింగ్ సాల్ట్, రెండు సాసులు. మూడు నిమిషాల్లో ప్లేటు చేతికొస్తుంది. ఒక రోజు నా కోసం పోసే నూనెను నా టిఫిన్ బాక్సు మూతలో పోసివ్వమని అడిగాను. ఆయన కోప్పడకుండా ఇచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళి పెద్ద స్పూనుతో కొలిస్తే దాదాపు మూడొచ్చాయి. పెద్ద స్పూను నూనె సుమారు 14 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. అంటే నూనె నుంచే 350 కేలరీలకు పైన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీలు తినే మనిషికి రోజు మొత్తానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంది. నేను ఒక్క ప్లేటులోనే అది దాటేస్తున్నాను. ఈ లెక్క చూశాక నాకే భయం వేసింది, దాచడం దేనికి?

ఆ ప్లేటులోనే రెండు గుడ్లు కూడా ఉన్నాయి. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున 12 గ్రాముల ప్రొటీన్. పొద్దుటి నుంచి నిలబడిన పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకు వేడివేడిగా అన్నం, గుడ్డు, కాసిన్ని కూరముక్కలు తింటోందంటే అది చెత్త ఎట్లా అవుతుంది? నూనె ఎక్కువైంది, అంతే. ఆ మర్నాటి నుంచి "అన్నా, నూనె సగమే పొయ్యండి, క్యాబేజీ రెండు పిడికిళ్ళు వెయ్యండి" అంటున్నాను. వేస్తున్నాడు. ఆయనకు క్యాబేజీ పెద్ద ఖర్చేం కాదు, నూనె మిగులుతుంది కూడా.

అందరూ భయపడే టేస్టింగ్ సాల్ట్ దగ్గర మాత్రం నేను బండి వైపే నిలబడతాను. అజినొమోటో అంటాం కదా, అదే. 1908లో జపాన్‌లో ఇకెడా అనే శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులోని రుచిని వెతుకుతూ గ్లుటమేట్‌ను వేరుచేశాడు. మన టమాటాలోనూ సహజంగా ఉండేది అదే. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంతో చైనా హోటళ్ళలో తింటే తలనొప్పి, మెడ పట్టేయడం వస్తాయన్న భయం మొదలైంది. తర్వాత చేసిన పరీక్షల్లో మామూలుగా వంటలో వాడే మోతాదుకు ఆ భయం నిలబడలేదు. పరగడుపున పెద్ద మోతాదులో ఇస్తే కొద్దిమందికి కాసేపు ఇబ్బంది కలగవచ్చు. మామూలు ఉప్పులో సోడియం 39 శాతం దాకా ఉంటే ఇందులో 12 శాతం. ఆ చిటికెడుకు వణికే ఇంట్లోనే ఊరగాయ, అప్పడం, ఉప్పు మిరపకాయలు మూడూ ఒకే పూట కంచంలోకి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాడు. అది మా ఇంట్లో ఏ పూటకు దాటిపోతుందో నాకు తెలుసు.

బండి దగ్గర నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మంచూరియా వేయించే నూనె పొద్దు మునిగినప్పుడు ఏ రంగులో ఉంది, పదింటికి ఏ రంగులో ఉందో చూడండి. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో పోలార్ పదార్థాలనే చెడు పేరుకుంటుంది. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. వాటిని బండి దగ్గర కొలిచేదెవరు? నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కే నూనెను మన కళ్ళతో, ముక్కుతో పట్టుకోవాల్సిందే. రెండోది రంగు. 2024 మార్చిలో పక్కనున్న కర్ణాటకలో గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించారు. పీచు మిఠాయి శాంపిల్స్‌లో రోడమిన్-బి కూడా దొరికింది. అది బట్టలకు అద్దే రంగు. బట్టల షాపులో పనిచేసే నాకు ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. మూడోది, ప్లేటు మీద పరిచే ప్లాస్టిక్ కవరు. పొగలు కక్కే అన్నం దాని మీద పడుతుంది. అందుకే నేను నా స్టీలు బాక్సు ఇస్తాను. కాబట్టి బండి మొత్తాన్ని ఒక్క మాటతో కొట్టేయకండి. అక్కడ ఎగ్ రైస్ ఒక రకం, ఎర్రగా మెరిసే మంచూరియా పూర్తిగా వేరే రకం. మంచూరియా నేను మానేశాను.

ఇక టిఫిన్ సెంటర్. పొద్దున ఎనిమిదింటికి మూడు పూరీలు, ఒక వడ తిన్నవాడిని మన ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. పైగా "టిఫిన్ అయిందా?" అని ఆప్యాయంగా అడుగుతారు. పూరీ మునిగి తేలేదీ నూనెలోనే, మైసూర్ బోండాకు కలిపేదీ మైదాయే, ఆ మూకుడులో నూనె కూడా మారకుండా మధ్యాహ్నం దాకా కాగుతూనే ఉంటుంది. అయినా అది మన తిండి కాబట్టి మాట పడదు. నా మటుకు పూరీకీ నూడుల్స్‌కీ ఆరోగ్యం విషయంలో పెద్ద తేడా లేదు. ఇడ్లీకి మాత్రం పోటీ లేదు: పులిసిన పిండి, ఆవిరి మీద ఉడికింది, పక్కన చెనక్కాయల చట్నీ. రాత్రి పూట కూడా ఇడ్లీ దొరికే సెంటర్ దగ్గరలో ఉంటే ఎగ్ రైస్ కన్నా దానికే ఓటేస్తాను, ఒక ఉడికించిన గుడ్డు తోడు చేసుకొని.

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఉండే బర్గర్ షాపులకు నేను నెలకోసారి కూడా వెళ్ళను, కాబట్టి క్లుప్తంగానే చెప్తాను. 10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న సంస్థలు మెనూలో కేలరీలు రాయాలన్న నిబంధన ఉంది. ఏం తింటున్నామో ముందే తెలుస్తుంది, అది మంచిదే. బర్గర్ ఒక్కటే తిని లేస్తే కొంప మునిగేదేం లేదు. ముంచేది కాంబో. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 30 గ్రాముల చక్కెర, పక్కన వేయించిన ఆలుగడ్డ. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. అక్కడ ఏసీలో కూర్చుని తినేవాళ్ళు బండి దగ్గర నిలబడి తినేవాళ్ళను చూసి ముఖం చిట్లిస్తారు. నూనె, మైదా, ఉప్పు రెండు చోట్లా ఉన్నాయి.

ఈ ముఖం చిట్లించడం మా ఇంటికి కొత్తేం కాదు. మా నాయనది పాకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు బడికి రాగి సంగటి ముద్ద, ఊరుబిండి కట్టించుకొని వెళ్ళేవాడు. వరి అన్నం తెచ్చుకునే పిల్లలు నవ్వుతారని గోడ వైపు తిరిగి కూర్చుని తినేవాడినని ఇప్పటికీ చెప్తాడు. ఆ రోజుల్లో సంగటి అంటే లేనివాళ్ళ కూడు, పండగకు మాత్రమే వరి కూడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు తిరుపతి హోటళ్ళలో సంగటి, నాటుకోడి పులుసు అంటే గొప్ప. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని అందరూ చెప్తున్నారు. నాయన తిన్న ముద్దలోనూ ఆ కాల్షియమే ఉంది. అప్పుడు నవ్వింది ముద్దను చూసి కాదు, మా నాయన చొక్కాను చూసి. బండి దగ్గర నిలబడిన పిల్లల మీద పడే మాటలోనూ నాకు అదే వినిపిస్తుంది.

చివరిది ఇంటి భోజనం. అదే మేలని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ పదిన్నరకు మా ఇంట్లో ఉండే భోజనమేమిటో చెప్పనివ్వండి. తెల్లన్నం, పల్చటి చారు, ఆవకాయ, అప్పడం, పెరుగు. కూర మధ్యాహ్నానికే అయిపోయి ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అనే షుగర్ జబ్బు సర్వే 2025లో చెప్పిందేమంటే, మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, అందులోనూ ఎక్కువ తెల్లన్నం, మరపట్టిన గోధుమలు, చక్కెర. ఆ 62 శాతం బండ్ల మీద తిన్నది కాదు, ఎక్కువగా మన వంటింట్లోదే. పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. చారన్నం, ఆవకాయలో అవెక్కడ?

పప్పు, ఆకుకూర, ఒక వేపుడు కాని కూర ఉన్న ఇంటి భోజనం నాలుగింట్లోకీ మేలు. అందులో సందేహం లేదు. అయితే అది రాత్రి పదిన్నరకు వేడిగా కంచంలోకి రావాలంటే ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి. మా ఇంట్లో అది మా అమ్మ, మోకాళ్ళ నొప్పులతో. పెళ్ళయిన మా సేల్స్ పిల్లలకైతే వాళ్ళే. "వండుకోడానికి బద్ధకమా?" అని వాళ్ళను అడిగేవాళ్ళు అదే ప్రశ్న వాళ్ళ మొగుళ్ళను అడగడం నేను వినలేదు.

ఎంత, ఎన్నిసార్లు అన్నది ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. మన ఊరి లడ్డూనే చూడండి. ఒక్కోటి 175 గ్రాములు, నిండా నెయ్యి, చక్కెర. కొండ నుంచి తెచ్చాక దాన్నేం చేస్తాం? చిదిపి, ఎదురింటికీ పక్కింటికీ, బస్సులో పరిచయమైన వాళ్ళకూ చిటికెడు చిటికెడు పెడతాం. కళ్ళకద్దుకొని నోట్లో వేసుకుంటాం. అట్లా తినేదాన్ని గురించి ఎవరికీ కేలరీల టెన్షన్ ఉండదు, అక్కర్లేదు కూడా.

కాబట్టి నా లెక్క ఇది. కూరతో సహా ఇంట్లో ఉంటే ఇల్లే. లేకపోతే ఇడ్లీ. అదీ లేకపోతే సగం నూనెతో, ఎక్కువ క్యాబేజీతో, సొంత బాక్సులో ఎగ్ రైస్, వారానికి రెండుసార్లు. చారు, ఆవకాయ, అప్పడాలతో సరిపెట్టే రాత్రి కన్నా అదే మేలని నా నమ్మకం. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం నా మాట పట్టుకోకుండా డాక్టర్ను అడగండి. బర్గర్ ఎప్పుడైనా, కూల్‌డ్రింక్ లేకుండా. పూరీ, నూడుల్స్ రెండూ ఒకే మెట్టు మీద.

ఆ పిల్ల ఒళ్ళు గురించి కూడా ఒక మాట. థైరాయిడ్, పీసీఓడీ అనే అండాశయాల సమస్య, నిద్ర, వంశం, ఇన్ని కారణాలుండగా ఒక నూడుల్స్ ప్లేటును చూసి తేల్చేయడం అన్యాయం. లావుగా ఉన్నవాళ్ళను చిన్నబుచ్చడం వాళ్ళ ఒంటికీ మనసుకూ చెరుపు చేస్తుందని 2020లో పలు దేశాల నిపుణులు, వైద్య సంఘాలు కలిసి ఉమ్మడి ప్రకటనే ఇచ్చారు. ఆ రోజు బంతిలో ఆగిపోయిన చెయ్యి చూసిన నాకు ఏ ప్రకటనా అక్కర్లేదు.

మొన్న శనివారం అది కాలేజీ అయ్యాక షాపుకొచ్చి, నేను దిగేదాకా కూర్చుంది. ఇద్దరం బండి దగ్గరకు వెళ్ళాం. "అన్నా, క్యాబేజీ ఎక్కువ వెయ్యండి" అని అదే చెప్పింది. ఒక బాక్సు, రెండు చెంచాలు. అడుగున అంటుకున్న మెతుకుల దాకా తిన్నది. బస్సెక్కాక అడిగింది: "అత్తా, ఇంట్లో చెప్పాలా?"

"చెప్పు," అన్నాను. "మా అత్తే తినిపించిందని చెప్పు."