బ్రిటన్ పార్లమెంటు పిటిషన్ల వెబ్‌సైట్: సంతకం సులువు, జవాబు ఖాయం, ఫలితం అరుదు

బ్రిటన్‌లో రాజకీయ నాయకుల మీద విసుగెత్తినవారు మొదట వెళ్ళే చోట్లలో పార్లమెంటు పిటిషన్ల వెబ్‌సైట్ ఒకటి. ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత ప్రయోజనం కంటే దేశ ప్రయోజనాన్ని ముందు పెడుతుందని దాదాపు ఎన్నడూ నమ్మలేమని చెప్పినవారు 45 శాతం ఉన్నట్టు 2024లో వెలువడిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే తేల్చింది. ఆ ఏడాది జులైలో జరిగిన సాధారణ ఎన్నికల్లో పదిమందిలో సుమారు నలుగురు ఓటు వేయలేదు. ఇంత అపనమ్మకం ఉన్న దేశంలో ప్రజల మాటను నేరుగా చేరవేస్తానని చెప్పే ప్రభుత్వ సేవ ఎలా పనిచేస్తున్నదో, అక్కడ నివసించే మన తెలుగువారికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

వాడకం విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పేరు, ఈమెయిల్, పోస్ట్‌కోడ్ ఇచ్చి, బ్రిటిష్ పౌరుడిననో ఆ దేశంలో నివసిస్తున్నాననో ఒక గడిలో టిక్కు పెట్టి, మెయిల్‌కు వచ్చిన లింకును నొక్కితే సంతకం లెక్కలోకి వస్తుంది. పౌరసత్వం తప్పనిసరి కాదు కనుక వర్క్ వీసా మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవారు కూడా నిరభ్యంతరంగా సంతకం చేయవచ్చు. కొత్త పిటిషన్ పెట్టాలంటే మొదట అయిదుగురి మద్దతు కావాలి. ఆ తరువాత సిబ్బంది నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసి ప్రచురిస్తారు. అది ఆరు నెలలపాటు తెరిచి ఉంటుంది. పదివేల సంతకాలు దాటితే ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. తిరస్కరించిన పిటిషన్లను కూడా దాచకుండా, కారణంతో సహా అక్కడే ఉంచడం, ఏ నియోజకవర్గం నుంచి ఎన్ని సంతకాలు వచ్చాయో మ్యాపులో చూపడం ఈ సేవలో నాకు బాగా నచ్చిన అంశాలు. తాకిడి మరీ ఎక్కువైనప్పుడు తడబడిన సందర్భం లేకపోలేదు: బ్రెగ్జిట్‌ను, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడాన్ని, రద్దు చేయాలని పెట్టిన పిటిషన్‌కు 2019 మార్చిలో జనం ఒక్కసారిగా ఎగబడటంతో సైట్ మొరాయించింది, చివరికి దానికి 61 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి, ప్రభుత్వం మాత్రం రద్దు చేయబోమని జవాబిచ్చి ఊరుకుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. టోనీ బ్లెయిర్ ప్రధానిగా ఉండగా 2006లో ప్రధాని కార్యాలయం ఇలాంటి సైటునే తెరిచింది. మరుసటి ఏడాది రోడ్ల వాడకంపై రుసుము వద్దంటూ దాదాపు 18 లక్షల మంది సంతకం చేశారు. 2011లో సంకీర్ణ ప్రభుత్వం లక్ష సంతకాల గీత గీసింది. 2015లో ప్రభుత్వమూ కామన్స్ సభా కలిసి ఇప్పటి రూపం ఇచ్చి, దానికి ఒక పిటిషన్ల కమిటీని ఏర్పాటు చేశాయి.

చిక్కు లక్ష దాటిన తరువాతే మొదలవుతుంది. ఈ చర్చలు సాధారణంగా సోమవారం సాయంత్రం నాలుగున్నరకు, ప్రధాన సభలో కాకుండా వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ అనే పక్క వేదికలో జరుగుతాయి. ఫలానా పిటిషన్‌ను సభ పరిశీలించింది అనేదే అక్కడి తీర్మానం. అక్కడ తేలేది ఏమీ ఉండదు, ఒక మంత్రి లేచి ప్రభుత్వ వైఖరిని మళ్ళీ చెప్పి కూర్చుంటారు. మన కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునేదీ సోమవారమే కావడం కాకతాళీయమే అనుకోండి. కాకపోతే అక్కడ కలెక్టరు అర్జీ మీద కనీసం ఏదో ఒక శాఖకు సిఫారసు రాసి పంపుతారు.

ఓటరు నిరాశకూ ఈ సైటుకూ ఉన్న సంబంధం 2024 నవంబరులో స్పష్టంగా బయటపడింది. లేబర్ పార్టీ గెలిచి అయిదు నెలలు కూడా నిండకముందే మళ్ళీ సాధారణ ఎన్నికలు పెట్టాలని వచ్చిన పిటిషన్‌కు దాదాపు 30 లక్షల సంతకాలు పడ్డాయి. 2025 జనవరి 6న చర్చ జరిగింది, ఎన్నికలు రాలేదు. నిజానికి రావడానికి దారే లేదు: 2022 చట్టం ప్రకారం పార్లమెంటును రద్దు చేయమని రాజును కోరవలసింది ప్రధాని, వెబ్‌సైట్ కాదు. అయినా అంతమంది ఎందుకు సంతకం చేశారో అర్థం చేసుకోవాలంటే ఆ ఎన్నికల లెక్క చూడాలి. లేబర్ 33.7 శాతం ఓట్లతో 411 స్థానాలు గెలిచింది. వలసలను వ్యతిరేకించే నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీకి సుమారు 41 లక్షల ఓట్లు పడితే దక్కినవి అయిదు స్థానాలు. అంతకంటే తక్కువగా, సుమారు 35 లక్షల ఓట్లు వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకు 72. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే ఈ పద్ధతి మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసినదే, కానీ రెండు పెద్ద పార్టీలూ కలిసి అరవై శాతం ఓట్లయినా తెచ్చుకోలేని చోట అది ఇంత వంకరగా లెక్క తేలుస్తుందని అనుభవంలోకి వచ్చేది ఇలాంటప్పుడే. తన ఓటు సీటుగా మారలేదని భావించినవాడికి సంతకం ఒక్కటే కంటికి కనిపించే అంకె.

తెలుగువారిని సూటిగా తాకిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. శాశ్వత నివాస అనుమతికి ఆగవలసిన కాలాన్ని అయిదేళ్ళ నుంచి పదేళ్ళకు పెంచే ఆలోచనను ప్రభుత్వం 2025 మే నెలలో శ్వేతపత్రంలో ప్రకటించగానే, అప్పటికే స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్నవారికి దాన్ని వర్తింపజేయవద్దని ఒక పిటిషన్ మొదలై లక్ష సంతకాలు సులువుగా దాటింది. సెప్టెంబరు 8న చర్చ జరిగింది. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 22న, ఆ శాశ్వత నివాస అనుమతినే పూర్తిగా ఎత్తివేస్తామని రిఫార్మ్ యూకే ప్రకటించింది. నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ విడుదల చేసిన ప్రతిపాదనల్లో పదేళ్ళ నిబంధన అలాగే ఉంది, ఇప్పటికే దేశంలో ఉండి అనుమతి ఇంకా పొందనివారికీ అది వర్తించేలా ఉంది. నాకు అర్థమైనంతవరకు, ఆ ఏడాది వలస విధానాన్ని లాగింది లక్ష సంతకాలు కావు. మే స్థానిక ఎన్నికల్లో 677 కౌన్సిలర్ స్థానాలు, పది కౌన్సిళ్ళు గెలిచి, రన్‌కార్న్ ఉప ఎన్నికలో లేబర్‌ను ఆరు ఓట్ల తేడాతో ఓడించిన రిఫార్మ్ పార్టీ మీద భయమే లాగింది. ఆరు ఓట్లు చేసిన పని లక్ష సంతకాలు చేయలేకపోయాయి.

తిరుగుబాటు గాలి ఒకే వైపు వీస్తున్నదని కాదు. అదే ఏడాది అక్టోబరులో వేల్స్‌లోని కేర్‌ఫిల్లీ ఉప ఎన్నికలో వేల్స్ జాతీయవాద పార్టీ ప్లయిడ్ కమ్రీ గెలిచింది, రిఫార్మ్ రెండో స్థానంలో నిలిచింది, తరతరాల కంచుకోటలో లేబర్ మూడో స్థానానికి జారింది.

ఇంత చెప్పినా ఈ సేవను తీసిపారేయను. అడిగేది చిన్నదై, స్పష్టమైనదై, బయట దానికి ప్రచార బలం తోడైనప్పుడు ఫలితం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. తీపి పానీయాలపై పన్ను వేయాలని 2015లో వంటగాడు జేమీ ఆలివర్ పెట్టిన పిటిషన్ లక్షన్నర సంతకాలు దాటింది. 2016 బడ్జెట్‌లో పన్ను ప్రకటించారు, 2018 నుంచి అమలైంది. బడి పిల్లల భోజనంపై ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్ 2020లో పెట్టిన పిటిషన్‌కు పది లక్షలకు పైగా మద్దతు రావడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వేల్స్ చట్టసభకు వేరే పిటిషన్ సైట్ ఉంది. గంటకు 20 మైళ్ళ వేగ పరిమితికి వ్యతిరేకంగా 2023లో అక్కడ పడిన సంతకాలు 4.69 లక్షలు. ముప్పై లక్షల చిల్లర జనాభా ఉన్న చోట అది ఎంత పెద్ద సంఖ్యో వేరే చెప్పనక్కరలేదు. మరుసటి ఏడాది కొన్ని రోడ్లను తిరిగి 30కి మార్చేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మంత్రులకు ప్రతి గ్రామంలోనూ ఆ సంతకందారులు ఎదురుపడతారు. లండన్ మంత్రులకు ఆ బెడద తక్కువ.

లోపాల్లో ముఖ్యమైనది సంఖ్యల విశ్వసనీయత. ఓటర్ల జాబితాతో సరిచూసే ఏర్పాటు లేదు, ఈమెయిల్ నిర్ధారణే ఆధారం. 2016లో బ్రెగ్జిట్‌పై రెండో రెఫరెండం కోరిన పిటిషన్‌కు 41 లక్షల సంతకాలు రాగా, నకిలీవని తేలిన సుమారు 77 వేల సంతకాలను తొలగించారు. విచిత్రమేమిటంటే, ఆ పిటిషన్‌ను ఓటింగ్‌కు ముందే పెట్టింది యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలనుకున్న వ్యక్తి. ఓడిపోతామేమోనన్న భయంతో పెట్టిన దాన్ని నిజంగా ఓడినవారు వాడుకున్నారు. వ్యతిరేకత తెలిపే వీలు లేకపోవడం మరో లోటు: ముప్పై లక్షలు కావాలన్నారని తెలుస్తుంది, వద్దనేవారు ఎందరో తెలియదు.

కనుక నా సలహా ఇది. వీసా రుసుములో, ఆసుపత్రి సేవలో ఒక నిర్దిష్టమైన మార్పు కోరేటప్పుడు పిటిషన్ పెట్టండి, పదివేలు దాటించండి. ప్రభుత్వ వాదన ఏమిటో రాతపూర్వకంగా చేతికి వస్తుంది, దాన్ని పట్టుకుని మీ ఎంపీకి లేఖ రాయవచ్చు. ప్రభుత్వాన్ని మార్చాలన్నా, ఒక పార్టీని భయపెట్టాలన్నా ఈ సైట్ మీద సమయం పెట్టకండి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులు కావడం వల్ల, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు హక్కు ఉంది. ప్రభుత్వ సైటులో ఓటరుగా నమోదు చేసుకోవడానికి పట్టేది కొన్ని నిమిషాలే, పోలింగ్ కేంద్రంలో గుర్తింపు పత్రంగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది.