మాక్ టెస్టుల వెబ్‌సైట్: కావలి నెట్ సెంటర్ నుంచి నా సమీక్ష

కావలి ఆర్టీసీ బస్టాండు దగ్గర పన్నెండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. జలదంకి, కలిగిరి, అల్లూరు, బోగోలు వైపు నుంచి ఇంటర్ పిల్లలు దరఖాస్తులు నింపడానికి, హాల్ టికెట్లు తీసుకోవడానికి వస్తారు. రెండేళ్లుగా మాక్ టెస్టులు రాయడానికి కూడా వస్తున్నారు. ఎక్కువ మంది రాసేది ఒకే వెబ్‌సైట్‌లో. ఈ సమీక్ష దాని గురించే. పేరు మాత్రం రాయడం లేదు. వాళ్లకు నేను పంపిన ఫిర్యాదు ఇంకా తేలలేదు, తేలేదాకా పేరు బయటపెట్టడం న్యాయం కాదు.

చదువు వరకు చూస్తే దానికి వంక పెట్టలేను. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్ష ఎలా ఉంటుందో అలాగే మూడు గంటలు, 160 ప్రశ్నలు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ప్రతి ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. తెలుగు కూడా ఏదో యంత్రం ఉమ్మేసినట్టు ఉండదు, పాఠం చెప్పిన మనిషెవరో కూర్చుని రాసినట్టే ఉంటుంది. తప్పు పెట్టిన ప్రశ్నకు వివరణ ఉంటుంది. అన్నీ ఉచితం. గంటకు ముప్పై రూపాయలు నాకిచ్చి, ఊరికి బస్సు దొరుకుతుందో లేదోనని గడియారం చూసుకుంటూ పరీక్ష రాసే పిల్లలకు ఇది పెద్ద సాయం. అందుకే మొదట్లో నేనే పదిమందికి చెప్పాను.

మార్చిలో ఒక సాయంత్రం జలదంకి వైపు అమ్మాయి ఒకరు నాలుగో కంప్యూటర్ మీద పరీక్ష రాసి, బస్సు వేళయిందని లేచి వెళ్లిపోయింది. వెంటనే ఆ కుర్చీలో ఒక అబ్బాయి కూర్చున్నాడు. అతనూ అదే వెబ్‌సైట్ తెరిచాడు. లాగిన్ అడగలేదు. తెర మీద ఆ అమ్మాయి పేరు, చదివే కాలేజీ, వచ్చిన మార్కులు, వాటి కింద ఫోను నంబరు. పది అంకెలూ, ఒక్క చుక్క కూడా అడ్డం లేకుండా. అబ్బాయి మంచివాడు, "మేడమ్, ఇది నాది కాదు" అని నన్ను పిలిచాడు. పిలవకపోయి ఉంటే?

లాగౌట్ ఎక్కడుందా అని వెతికాను. పైన లేదు, పక్కన లేదు. ప్రొఫైల్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడ అట్టడుగున బూడిదరంగు అక్షరాల్లో దొరికింది. రోజంతా ఈ పనిలోనే ఉండే నాకే నిమిషం పైన పట్టింది. బస్సు కోసం పరుగెత్తే పదహారేళ్ల పిల్లకు అది ఎలా కనబడుతుంది?

ఇది కుకీ వల్ల జరిగింది. కుకీ అంటే మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తు. దానికి పిల్లలకు నేను చెప్పే పోలిక ఒకటుంది. బస్టాండులో సామాను గదిలో సంచి పెడితే చేతికి టోకెను ఇస్తారు కదా. గదిలో మనిషికి మన ముఖం గుర్తుండదు, టోకెను చూపిస్తే మన సంచి మనకిస్తాడు. వెబ్‌సైట్‌కూ అంతే, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి మనమెవరో మరిచిపోతుంది. అందుకే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మోంటులీ అనే ఇంజినీరు ఈ టోకెను పద్ధతి కనిపెట్టాడు. అది లేకపోతే పరీక్ష మధ్యలో ప్రతి ప్రశ్నకూ మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది. కాబట్టి కుకీ అంటేనే చెడ్డదని నేను అనను. టోకెను బల్ల మీదే వదిలేసి వెళ్తే వెనక వచ్చినవాడు సంచి పట్టుకుపోతాడు, నాలుగో కంప్యూటర్ మీద జరిగింది అదే. పదిమంది వాడే కంప్యూటర్లున్న ఊళ్లలో పిల్లల కోసం పెట్టిన వెబ్‌సైట్, బ్రౌజర్ మూయగానే ఆ టోకెను చెల్లకుండా చేయాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ రాత్రి షట్టరు సగం దించి, ఆ వెబ్‌సైట్ పెట్టిన కుకీలన్నీ వరసగా చూశాను. మీరు కూడా చూడవచ్చు: పైన అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కితే కుకీల వివరాలు వస్తాయి. ముప్పై ఒకటి లెక్కపెట్టాను. వాటిలో వెబ్‌సైట్ సొంతవి ఆరు. మిగిలినవి ప్రకటనల కంపెనీలవి, ఎవరు ఏం చూశారో లెక్కలు కట్టే కంపెనీలవి. లాగిన్ కుకీ గడువు చూస్తే పదమూడు నెలల తర్వాతి తేదీ ఉంది. అంటే నేను తీసేయకపోతే ఆ అమ్మాయి ఇంటర్ దాటి ఇంకో కాలేజీలో చేరాక కూడా నా నాలుగో కంప్యూటర్ ఆమె పేరు పలుకుతూనే ఉండేది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ పాతిక కుకీలు. సామాను గది టోకెను ఆ గదిలోనే చెల్లాలి. ఈ బయటి కంపెనీల టోకెను అలా కాదు. ట్రంకు రోడ్డు మీద ప్రతి దుకాణంలోనూ ఒకే మనిషి మూల కూర్చుని, మీరు ఎక్కడ ఏం బేరమాడారో ఒకే పుస్తకంలో రాసుకుంటున్నాడనుకోండి. అలా ఉంటుంది అది. సఫారీ బ్రౌజర్ ఈ బయటివాళ్ల కుకీలను 2020 నుంచి పూర్తిగా ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ అంతకు ముందే అడ్డుకోవడం మొదలుపెట్టింది. క్రోమ్ ఆపుతామని 2020లో చెప్పి, 2024లో ఆ ఆలోచన మానుకుంది. నా సెంటర్లో పిల్లలందరూ తెరిచేది క్రోమే.

అయితే అనుమతి అడిగారు కదా అంటారేమో. అడిగారు. మొదటిసారి తెరవగానే తెర అడుగున ఒక పట్టీ వస్తుంది. పెద్ద నీలం బటన్ మీద ఇంగ్లీషులో 'యాక్సెప్ట్ ఆల్'. వద్దనడానికి బటనే లేదు. పక్కన సన్నటి అక్షరాల్లో 'మేనేజ్' అని ఉంది. అది నొక్కితే నాలుగు శీర్షికలు, నాలుగూ ముందే అవుననిపెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీయాలి. తీశాక 'భాగస్వాములు' అని ఇంకో జాబితా, అదీ విప్పి తీయాలి. ఆఖరున భద్రపరచమని నొక్కాలి. అవుననడానికి ఒక్క నొక్కు, కాదనడానికి తొమ్మిది. ఫ్రాన్సులో ఇదే తప్పుకు, కుకీలు ఒప్పుకోవడం సులువుగా, కాదనడం కష్టంగా పెట్టినందుకు, అక్కడి నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. అక్కడ పెద్దవాళ్ల విషయంలోనే అది తప్పయితే, ఇక్కడ పిల్లల విషయంలో ఎలా ఒప్పవుతుంది?

ప్రశ్నలను అంత చక్కటి తెలుగులో రాయించగలిగినవాళ్లు ప్రైవసీ పాలసీని మాత్రం ఇంగ్లీషులోనే ఉంచారు. ప్రింటు తీస్తే పద్నాలుగు పేజీలు వచ్చింది. ఇది నాకు మింగుడుపడని సంగతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చాలా స్పష్టంగా చెబుతోంది: సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ మనమే ఎంచుకుని చదువుకునే వీలు ఉండాలి. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలనీ ఆ చట్టంలోనే ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, వాళ్ల కదలికలను వెంబడించకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. చదువు అవసరాల మేరకు విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఉంది, నిజమే. ప్రకటనల కంపెనీ కుకీలు చదువు అవసరం కిందికి వస్తాయని మాత్రం నేను ఒప్పుకోను. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు పాటించాల్సినవాటిలో ముఖ్యమైనవాటికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. గడువు ఆఖరి రోజు దాకా పిల్లల వివరాలు వాడుకోవాలని ఎవరూ చెప్పలేదు.

ఈ వెబ్‌సైట్‌లో వయసు ఎలా తెలుసుకుంటున్నారో తెలుసా? చిన్న గడి ఒకటి ఉంటుంది: 'నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి'. అది నొక్కకపోతే ముందుకు వెళ్లదు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు నా కళ్లముందే టపటపా నొక్కేస్తున్నారు. చదువు చెప్పే చోట మొదటి మెట్టు మీదే పిల్లలతో అబద్ధం ఆడిస్తున్నారు.

ఇంకో రెండు వారాలకు ఆ జలదంకి అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. ఆయన రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా పని చేస్తాడు, పగలు పడుకోవాలి. అమ్మాయికి సొంత ఫోను లేదు కాబట్టి వెబ్‌సైట్‌లో ఆయన నంబరే ఇచ్చింది. పరీక్ష రాశాక మార్కులు చూపించాలంటే ఓటీపీ కావాలంది, అదీ ఆ నంబరుకే. ఇక రోజూ ఫోన్లు. కోచింగ్ సీటు ఉందని ఒకరు, హాస్టల్ ఉందని ఒకరు, చదువుకు అప్పు ఇస్తామని ఒకరు. ప్రతివాళ్లూ కూతురి పేరు పెట్టి అడుగుతున్నారు. ఆయన నా ఎదుటే అన్నాడు: "అమ్మా, ముక్కూముఖం తెలియని మగవాళ్లు ఫోను చేసి మా పిల్ల పేరు చెబుతుంటే నేను ఏమనుకోవాలి? నంబరు ఎవరికిచ్చావని కొట్టబోయాను కూడా." ఆ అమ్మాయి తలవంచుకుని నిలబడింది. తను చేసిన తప్పు ఏమిటి? మార్కులు చూసుకోవాలనుకోవడమా? ఇక ఆన్‌లైన్ పరీక్షలు వద్దని ఆయన తేల్చి చెప్పి వెళ్లాడు.

నంబరు ఈ వెబ్‌సైట్ నుంచే బయటికి పోయిందా అని నేను ఖాయం చేసుకోవాలనుకున్నాను. ఊరికే ఒకరి మీద నింద వేయకూడదు. నా దగ్గర ఎవరికీ ఇవ్వని కొత్త సిమ్ ఒకటి ఉంది. దానితో ఖాతా తెరిచి, ఇంటిపేరు చోట మా అమ్మమ్మ ఊరు 'కొండాపురం' అని రాశాను. ఆ సిమ్‌ను ఇంకెక్కడా వాడలేదు. మూడో రోజు ఉదయం ఫోను మోగింది. "కొండాపురం గారేనా అండీ? ఇంజినీరింగ్ సీటు గురించి మాట్లాడాలి." నంబరు ఎక్కడిదని అడిగాను. "మా సిస్టమ్‌లో ఉంది మేడమ్" అంది అవతలి అమ్మాయి. పొట్టకూటి ఉద్యోగం ఆమెది, ఆమెను ఏమీ అనలేదు. ఆ వారంలో ఇంకో నాలుగు ఫోన్లు వచ్చాయి, నాలుగూ కొండాపురం గారికే.

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. మరిచిపోయానని నొక్కితే, కొత్తది పెట్టుకునే లింకు రావాలి. వీళ్లు నేను పెట్టుకున్న పాత పాస్‌వర్డ్‌నే అక్షరం పొల్లు పోకుండా మెయిల్‌లో పంపారు. అంటే వాళ్ల దగ్గర అది ఎవరైనా చదవగలిగే రూపంలో ఉందన్నమాట. సరిగ్గా దాచేవాళ్లు పాస్‌వర్డ్‌ను తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి ఉంచుతారు, అప్పుడు వాళ్లకు వాళ్లే చెప్పలేరు. పిల్లలు అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. ఒక చోట పోతే మెయిల్ పోతుంది, స్కాలర్‌షిప్ లాగిన్ పోతుంది, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే రోజున ఆ లాగిన్ కూడా పోతుంది. ఈ ఒక్క లోపం చాలు నేను మార్కులు సగానికి సగం తగ్గించడానికి.

ఫిర్యాదు మెయిల్ తెలుగులోనే రాశాను. పదకొండో రోజున ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. నా ఖాతా తీసేశారు, తీసేసినట్టు చూసుకున్నాను కూడా. ఫోన్ల గురించి మాత్రం 'భాగస్వాములతో పంచుకోవడానికి మీరు అంగీకరించారు' అన్నారు. ఆ అమ్మాయి తండ్రి తరఫున అడిగితే, ఖాతా తీసేయడానికి ఆయన ఆధార్ నకలు పంపమన్నారు. ఖాతా తెరిచినప్పుడు అక్కర్లేని ఆధార్ మూసేటప్పుడు ఎందుకు? పంపవద్దని ఆయనకు చెప్పాను. ఆ నంబరుకు ఓటీపీ పంపి ఖాయం చేసుకోండి, తెరిచినప్పుడు చేసింది అదే కదా అని మళ్లీ రాశాను.

అయిదు మార్కులకు రెండు ఇస్తున్నాను. ఆ రెండూ ప్రశ్నలు రాసినవాళ్లకు.

వాడక తప్పదనుకునేవాళ్లకు నా సెంటర్లో ఏం చేస్తున్నానో చెబుతాను. ఆరు కంప్యూటర్లలోనూ ఆ వెబ్‌సైట్‌ను ఇన్‌కాగ్నిటో కిటికీలోనే తెరిపిస్తున్నాను, అది మూయగానే కుకీలు పోతాయి. మార్కులు చూడటానికి తల్లిదండ్రుల నంబరు ఇవ్వాల్సి వస్తే, ముందు ఇంట్లో చెప్పి రమ్మంటున్నాను. ఓటీపీ అడగని పాత పరీక్షలు కొన్ని అందులోనే ఉన్నాయి, జవాబులు కాగితం మీద రాసుకుని చివర సరిచూసుకోవచ్చు. 'మేనేజ్' దాకా వెళ్లి అన్నీ ఎలా తీసేయాలో తెలుగులో రాసి ప్రతి కంప్యూటర్ పక్కనా అంటించాను. ఫోన్లు ఆగకపోతే, అక్కర్లేని వ్యాపార ఫోన్ల మీద ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు ఫిర్యాదు చేయండి, జలదంకి అమ్మాయి తండ్రితో చేయించాను, తగ్గాయి.

నిన్న మళ్లీ తెరిచి చూశాను. లాగౌట్ బటన్ పైకి వచ్చింది, ఎర్రగా, అందరికీ కనబడేలా ఉంది. ఫోను నంబరులో చివరి నాలుగంకెలే చూపిస్తున్నారు. నీలం బటన్ అలాగే ఉంది. తెలుగు నోటీసు రాలేదు. ఆధార్ గురించి రాసిన మెయిల్‌కు జవాబు కూడా రాలేదు.